ప్రింటర్ తీగ సన్నాయి

బాలామణి ఇంటికి పియానో వచ్చిన నెలలోనే నీలకంఠం ఆర్కెస్ట్రా మూతబడింది.

నీలకంఠం ఆర్కెస్ట్రా అంటే రంగంలో మిగిలిన తెలుగువాళ్లందరికీ తెలుసు. ఊరి పేరు యాంగోన్ అయి ఎన్నాళ్లయినా మనవాళ్ల నోట్లో అది రంగమే. చిమిండైంగ్ పేటలో పెళ్లి జరిగినా, అమ్మవారి సంబరం జరిగినా, ఎవరింట్లోనో బారసాల జరిగినా ఆ ఆర్కెస్ట్రా ఉండాల్సిందే. పాటలు ప్రమోద పాడేది. డ్రమ్ములు కోటిబాబు వాయించేవాడు. కీబోర్డు దగ్గర మాత్రం బాలామణి. మొదట్లో ఆడమనిషి వాయిస్తోందని జనం స్టేజి దగ్గరకొచ్చి చూసేవారు. తర్వాత అలవాటైపోయింది.

ఆ కీబోర్డు ఆవిడది కాదు. నీలకంఠం బ్యాంకాక్ నుంచి తెప్పించిన సింథసైజర్ అది. సన్నాయి, వయొలిన్లు, బాకాలు, వేణువు, ఏ గొంతు కావాలంటే ఆ గొంతు పలికేది. ఎడమ పక్కన చిన్న చక్రం ఒకటి ఉండేది. దాన్ని బొటనవేలితో తిప్పితే స్వరం జారి పక్క స్వరంలో కలిసేది. మంగళసూత్రం కట్టే వేళ బాలామణి ఆ చక్రం మీద వేలు పెట్టి సన్నాయి ఎత్తుకుంటే, తలంబ్రాల పళ్లెం పట్టుకున్న ముత్తయిదువలు ఒక్కసారి తలెత్తి చూసేవారు. ఆ చూపు కోసమే ఆవిడ బస్సులు మారి, చీర నలక్కుండా చూసుకుంటూ పెళ్లిళ్లకు వెళ్లేది. ఇంట్లో ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరు. సంబంధాలు వచ్చి తప్పిపోయాయి. అమ్మా నాన్నా పోయారు. అన్నయ్య కుటుంబం మాండలే వెళ్లి స్థిరపడింది. పగటిపూట నలుగురు పిల్లలకి పియానో చెప్పుకుంటూ, ముహూర్తాల కాలంలో స్టేజీలెక్కుతూ లమ్మడా పేటలో అయిదో అంతస్తు గదుల్లో ఆవిడ ఒక్కర్తే ఉండేది.

కోవిడ్ వచ్చి పెళ్లిళ్లు ఆగిపోయాయి. నీలకంఠం భార్యకి కిడ్నీల జబ్బు ముదిరింది. ఒకరోజు ఆయన మెట్లెక్కి వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"బాలమ్మా, కీబోర్డు పెట్టి అమ్మీసేను," అన్నాడు. "ముందుగా నీకు సెప్దారనుకున్నాను. నువ్వు ఒద్దనవు. నీ మొహం సూళ్లేక సెప్పలేదు."

"మంచి పని చేశారు బాబాయ్. పిన్నికి మందులు కావాలి కదా," అంది బాలామణి.

ఆయన పెగూలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయన ముందు ఏడవకుండా ఆపుకున్నందుకు బాలామణి తనను తానే మెచ్చుకుంది. తర్వాత వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది.

పియానో అంతకుముందే వచ్చింది. ఆవిడ దగ్గర నేర్చుకునే ఒక పిల్ల తల్లిదండ్రులు సింగపూర్ వెళ్లిపోతూ, ఇంట్లో ఉన్న డిజిటల్ పియానో టీచరుకి ఇచ్చేయాలని ఆ పిల్ల పట్టుబట్టడంతో ఇచ్చేశారు. కోటిబాబు, ఇద్దరు కూలీలు కలిసి దాన్ని అయిదంతస్తులూ మోశారు. మెట్ల మలుపు తిరగక ప్రతిచోటా నిలబెట్టి, వంచి, తిట్టుకుంటూ ఎక్కించారు. మంచి పియానోయే. వాయించే మెట్లు బరువుగా, అసలు పియానోలాగే ఉంటాయి. గొంతులు మాత్రం తక్కువ. పియానోలో మూడు రకాలు, ఆర్గన్‌లో రెండు, తీగల గుంపు ఒకటి. ఆ తీగలు ముసురు పట్టిన గొంతుతో మూలిగేవి. సన్నాయి లేదు, వేణువు లేదు. రంగంలో ఎవరూ తమ పెళ్లికి పియానో అడగరు.

ఆ తర్వాతి ఏడాది ఫిబ్రవరి మొదటి తేదీ తెల్లారేసరికి ఫోన్లు మూగబోయాయి. ప్రభుత్వాన్ని సైన్యం లాక్కుందన్న మాట వీధిలో ఒకరి నుంచి ఒకరికి పాకింది. రెండో రోజు నుంచి పొద్దుగూకాక ఎనిమిదింటికి ఊరంతా గిన్నెలు మోగించడం మొదలుపెట్టింది. చెడుని తరమడానికి అలా చేయడం ఇక్కడ పాత ఆనవాయితీ. బాలామణి కూడా బాల్కనీలోకి వెళ్లి అన్నం తపేలా మీద గరిటెతో కొట్టింది. ఎదురు బాల్కనీల్లో, పక్క బాల్కనీల్లో అందరూ ఉన్నారు. ఎన్నాళ్లకో ఆవిడకి మళ్లీ పదిమందితో కలిసి వాయించినట్టనిపించింది.

కోటిబాబు రోజూ ఊరేగింపులకి వెళ్లేవాడు. మెడలో డ్రమ్ము, నుదుటికి ఎర్రగుడ్డ. ఒక మధ్యాహ్నం ఎండకి కమిలిపోయి వచ్చి, బాలామణి ఇచ్చిన నీళ్లు తాగి, నేలమీద చతికిలబడ్డాడు. అక్కణ్నుంచి పియానో వెనక భాగం కనిపిస్తోంది.

"బాలక్కా, దీని ఎనకాల కన్నం సూసేవేటి?"

"ఏ కన్నం?"

"ఇదుగో, ఈ సదరం కన్నం. కంప్యూటరుకి తగిలించీది ఇదే. దీని గొంతు మనకెందుకూ? ఏళ్లు దీనిమీద ఆడించు, గొంతు కంప్యూటర్లోంచి ఒస్తాది. నా లేప్‌టాప్‌లో సింథ్ పోగ్రాం ఉంది. ఊరికే దొరికిందే, డబ్బు పెట్టి కొన్లేదు. తీగొకటి కావాలంతే."

"ఆ తీగ ఎక్కడ దొరుకుతుంది? బ్యాంకాకేనా?"

కోటిబాబు నవ్వాడు. "ప్రింటరుకి ఎడతారే, ఆ తీగే. జిరాక్సు కొట్లో ఉంటాది."

కొట్లన్నీ సమ్మెలో మూసి ఉన్నాయి. వీధి చివర జిరాక్సు కొట్టాయన సగం దించిన షట్టరు కింద కూర్చుని టీ తాగుతున్నాడు. బాలామణి అడిగితే లోపలికి వెళ్లి, పాడైన ప్రింటరు నుంచి తీగ ఊడదీసి తెచ్చి ఇచ్చాడు. దేనికని కూడా అడగలేదు.

మర్నాడు కోటిబాబు లేప్‌టాప్ తెచ్చాడు. తెర ఒక మూల బీటలు వారింది. తీగ తగిలించాడు. లేప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి మరో సన్న తీగ పియానోలోకి పెట్టాడు, పియానో స్పీకర్లలోంచే శబ్దం రావడానికి. బాలామణి ఒక మెట్టు నొక్కింది. ముందు పియానో పలికింది. ఆనక కాస్సేపటికి, ఎవరో మరచిపోయి గుర్తొచ్చి పలికినట్టు, సింథ్ పలికింది.

"ఇదేమిటి, ఎవరో నా వెనక నడుస్తున్నట్టుంది," అంది బాలామణి.

కోటిబాబు ఏవేవో నొక్కి, ఉచితంగా దొరికే ఇంకో చిన్న ప్రోగ్రాం ఎక్కించాడు. ఆలస్యం తగ్గింది. పియానో సొంత గొంతు నొక్కేయడం ఎలాగో అతనికీ తెలియలేదు. అది తర్వాత చూద్దామనుకున్నారు. ఆ పూట ఇద్దరూ పిల్లల్లా ఒక్కొక్క గొంతూ వింటూ కూర్చున్నారు. గాజు గ్లాసుల్లాంటి గొంతు ఒకటి, తేనెటీగలది ఒకటి, ఏదో గుహలోంచి ఎవరో పిలిచినట్టుండేది ఒకటి. పక్కింటి దౌ ఖిన్ మ్యా, ఆవిడ భర్త ఊ తిన్ మౌంగ్ తలుపు తీసుకుని విన్నారు. ఇక్కడ పేరు ముందు దౌ అన్నా ఊ అన్నా మన గారు లాంటిదే. ఊ తిన్ మౌంగ్ రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. బాలామణి ఏం వాయించినా తలుపు తీసి వినడం ఆయనకి అలవాటు.

మార్చిలో కాల్పులు మొదలయ్యాయి. కోటిబాబు మళ్లీ వచ్చినప్పుడు డ్రమ్ము లేదు, ఎర్రగుడ్డ లేదు. లేప్‌టాప్ సంచీ మాత్రం ఉంది.

"ఇది నీకాడ ఉంచు. ఇందులో ఫొటోలున్నాయి, అన్నీ తుడిచీ. పాటల పని ఒకటే ఉంచు."

"నీ ఫొటోలు కూడానా?"

"ముందుగా అయ్యే."

"ఎక్కడికెళ్తావు?"

"ఏరు దాటి దలాలో అమ్మ కాడికి. ఆడనించి సూడాల."

అన్నం తిని వెళ్లమంది. పడవ వెళ్లిపోతుందని అతను కూర్చోలేదు. మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు కింది అంతస్తు దాకా వినిపించింది.

బాలామణి ఆ సాయంత్రమే ఫొటోలు చెరపడానికి కూర్చుంది. ఒక్కొక్కటీ తెరిచి, చూసి, చెరిపింది. చూడకుండా ఒక్కసారే అన్నీ చెరిపేయొచ్చని తెలుసు. అలా చేయడానికి మనసొప్పలేదు. ఒకదాన్లో తనే ఉంది, వీధి మలుపులో నిలబడి ఊరేగింపులో వాళ్లకి నీళ్ల సీసాలిస్తూ. తనను ఎవరో ఫొటో తీశారని ఆవిడకి అప్పటిదాకా తెలియదు. దాన్ని ఎక్కువసేపు చూసి, దాన్నీ చెరిపేసింది.

ఇక అక్కణ్నుంచి ఆవిడ ఒక్కర్తే. ఫోన్లలో ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటికి వేరే కనెక్షన్ పెట్టించుకునే స్తోమత లేదు. తెలియనిది ఎవర్నీ అడిగే దారి లేదు. పిల్లల పాఠాలు ఆగిపోయాయి. మాండలే నుంచి అన్నయ్య ఎప్పుడైనా ఫోన్ చేసేవాడు. లైన్లో ఎవరు వింటున్నారోనన్న భయంతో ఇద్దరూ బియ్యం గురించి, వానల గురించి మాట్లాడుకుని పెట్టేసేవారు.

ఖాళీ పగళ్లలో ఆవిడ ఆ సింథ్ ముందు కూర్చునేది. తెర నిండా బొమ్మ మరలే. ఏ మర ఏం చేస్తుందో ఆవిడకి పేర్లతో తెలియదు. ఒకటి తిప్పి చెవి పెట్టడం, మళ్లీ వెనక్కి తిప్పడం, రెండోది పట్టుకోవడం, అంతే. పియానో మీద ఒక బొత్తం పట్టుకుని కింది మెట్లు ఒక్కొక్కటే నొక్కుతుండగా ఒకరోజు దాని సొంత గొంతు దానంతటది ఆగిపోయింది. వెతుకుతున్నది దొరికింది. కానీ ఆ క్షణాన సింథ్ కూడా తెరిచి లేదు. మెట్లు నొక్కితే చెక్క మీద మెత్తగా కొట్టిన చప్పుడు తప్ప మరేమీ లేదు. కింద సైన్యం బండ్లు తిరిగే రోజులవి. బాలామణి ఆ మూగ పియానో మీద పాట ఒకటి చివరిదాకా వాయించి, అప్పుడు సింథ్ తెరిచింది. ఆ తర్వాత కూడా వీధిలో బండ్లు ఆగినప్పుడల్లా హెడ్‌ఫోన్లు పెట్టుకుని అలాగే వాయించేది. పక్కవాళ్లకి ఆ టకటక తప్ప పాట వినిపించేది కాదు.

జూలైలో జబ్బు ఊరి మీద విరుచుకుపడింది. ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం రోడ్ల మీద వరుసలు కట్టారు. బాలామణికి జ్వరం వచ్చింది. వాసన పోయింది. తలుపు తీయకుండా గదిలో పడి ఉంటే, దౌ ఖిన్ మ్యా పక్క బాల్కనీ నుంచి బాల్కనీకి కర్రకి తగిలించి గంజి గిన్నె అందించేది. బాలామణి జ్వరం తగ్గుతుండగా ఊ తిన్ మౌంగ్‌కి అంటుకుంది. ఆయన లేవలేదు. శవాన్ని ఒళ్లంతా నీలి రక్షణ బట్టలు తొడుక్కున్న వాలంటీర్లు వచ్చి తీసుకెళ్లారు. భార్యని కూడా రానివ్వలేదు. తను తిరిగిచ్చిన గంజి గిన్నె మూలానే ఆ ఇంట్లోకి జబ్బు వెళ్లిందేమోనని బాలామణి కుమిలిపోయింది. ఆ మాట దౌ ఖిన్ మ్యాతో అనడానికి ఎప్పుడూ నోరు రాలేదు. ఆవిడా అడగలేదు.

వానలు తగ్గాక పడవలు మళ్లీ తిరగడం మొదలైంది. బాలామణి దలా వెళ్లి కోటిబాబు తల్లి వెంకాయమ్మని చూసింది. వెంకాయమ్మ ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది.

"ఫోనొచ్చిందమ్మా, ఒక్కపాలి," అంది వెంకాయమ్మ గొంతు తగ్గించి. "ఎక్కడో కొండల్లో ఉన్నాడంట. అన్నం తింతన్నాను అమ్మా అన్నాడు. నానేటీ అడగనేదు."

"నా గురించి ఏమైనా అన్నాడా?"

"నీ గురించా? నేదమ్మా. నిమిషం కూడా మాటాడనేదు."

బాలామణి పడవలో తిరిగి వస్తూ, అలా అడిగినందుకు సిగ్గుపడింది. కోటిబాబు గురించి ఆ తర్వాత ఇంకే కబురూ రాలేదు.

సన్నాయి మీద పట్టుదల ఆ చలికాలంలో పుట్టింది. సింథ్‌లో ఉన్న వందల గొంతుల్లో సన్నాయి లేదు. తనే చేసుకోవాలి. తెర మీద రంపప్పళ్లలా కనిపించే గొంతు ఒకటి తీసుకుంది. బాగా గరుకుగా ఉంది. అలాంటిదే రెండోది తెచ్చి, శృతి రవ్వంత ఎడంగా పెట్టి రెండూ కలిపింది. కొంచెం ఊపిరి వచ్చింది. పైన ఉన్న చురుకుదనం కోసి, మధ్యలో ఒక చోట మాత్రం గట్టిగా వదిలితే ముక్కుతో పలికినట్టయింది. అంతవరకూ బాగానే ఉంది. వాయిస్తే మాత్రం పోస్టాఫీసు ముద్రలు కొట్టినట్టు దేనికది విడివిడిగా వచ్చేది. సన్నాయికి స్వరాల మధ్య జారుడు కావాలి. పియానోకి ఆ చక్రం లేదు. మెట్టు నొక్కడం, వదలడం, అంతే దానికి తెలిసింది.

చాలా రోజులు అక్కడే ఆగిపోయింది. ఒకరోజు ఏదో మర తిప్పి మరిచిపోయి, ఒక మెట్టు మీద వేలు తీయకుండానే పక్కది నొక్కింది. స్వరం జారింది. వేలు తీసి నొక్కితే జారడం లేదు. రెండు వేళ్లూ ఒక్క క్షణం కలిసి ఉంటేనే జారుతోంది. పిల్లలకి ఇన్నేళ్లుగా అలా కలిపి నొక్కొద్దని చెప్పి వేళ్ల మీద కొట్టిన తప్పే అది. ఇప్పుడు తను ఆ తప్పునే నేర్చుకోవలసి వచ్చింది. బరువు మెట్ల మీద వేళ్లు నొప్పెట్టేవి. రవ్వ ఎక్కువ కలిపితే జారుడు ఏడుపైపోయేది. తక్కువ కలిపితే విరిగేది. మార్చి వచ్చేసరికి ఆవిడ కిటికీలు తీసి, హెడ్‌ఫోన్లు లేకుండా, పెళ్లిలో వాయించే రాగం ఎత్తుకుంది. అది సన్నాయే. కొంచెం జలుబు చేసిన సన్నాయి. అయినా సన్నాయే. బాలామణి వాయించడం ఆపి గది అంతా చూసింది, ఎవరికైనా చెబుదామని.

ఆ మరుసటి వారం ఇద్దరు మనుషులు వచ్చారు. ఒకడు వార్డు ఆఫీసులో పనిచేసేవాడు. రెండోవాడు తెల్లచొక్కా, మర్యాదగా మాట్లాడాడు.

"సయామ, నీలకంఠం ఆర్కెస్ట్రాలో మీరు వాయించడం నేను చిన్నప్పుడు విన్నాను," అన్నాడతను. ఇక్కడ టీచరమ్మని సయామ అనే పిలుస్తారు. "తింజాన్ నీళ్ల పండక్కి ఈసారి పెద్ద స్టేజి వేస్తున్నారు. కీబోర్డుకి మనిషి కావాలి."

అది ఎవరి స్టేజో అడగక్కర్లేదు. సైన్యం చేయించే పండక్కి ఎవరూ వెళ్లకూడదని ఊరంతా మాటా మాటా అనుకుంటోంది. అప్పటికే కొందరు పాటగాళ్లతో జనం మాటలు మానేశారు.

"నాకు కీబోర్డు లేదు బాబూ. అమ్మేశారు," అంది.

"మేం కొత్తది ఇస్తాం. పండగయ్యాక మీరే ఉంచుకోవచ్చు."

"ఏ కంపెనీది?" అనేసింది బాలామణి.

అన్నాక నాలిక కరుచుకుంది. తెల్లచొక్కా అతని మొహం వికసించింది. మోడల్ పేరు చెప్పాడు. దానికి చక్రం ఉంటుంది. వందల గొంతులుంటాయి. చేతుల్లో తేలిగ్గా ఇమిడిపోయే మెట్లుంటాయి. బాలామణి ఒక క్షణం మనసులో ఆ మెట్ల మీద తన వేళ్లని చూసుకుంది. తర్వాత ఆ చేతులే చాచి అతనికి చూపించింది.

"జ్వరం వచ్చి తగ్గాక ఇలా వణుకుతున్నాయి. స్టేజి మీద పాట పాడయితే మీకే మాట."

చేతులు నిజంగానే వణుకుతున్నాయి. జ్వరం వల్ల కాదు. వార్డు మనిషి, దుప్పటి కప్పిన పియానో వైపు చూశాడు. తెల్లచొక్కా అతను "ఆలోచించుకోండి" అని లేచాడు. వాళ్లు మెట్లు దిగుతుంటే పక్కింటి తలుపు ఓరగా తెరుచుకుని ఉంది. బాలామణి అటు చూడగానే అది మూసుకుంది.

మర్నాటికి వీధికంతా తెలిసిపోయింది. పండగ దగ్గర పడుతుండగా సయామ కిటికీలు తీసి సాధన చేస్తోంది, స్టేజి వాళ్లు ఇంటికొచ్చి మాట్లాడి వెళ్లారు. ఇంకేం కావాలి? టీ కొట్టులో కప్పు ఆవిడ ముందు పెట్టి మొహం తిప్పుకున్నారు. కూరగాయలమ్మి ఆవిడ అడిగినవన్నీ అయిపోయాయంది, బుట్టలో కనిపిస్తూనే ఉన్నాయి. మళ్లీ పాఠాలకొస్తున్న ఒక్క పిల్లనీ తల్లి మాన్పించింది. దౌ ఖిన్ మ్యా మెట్ల మీద ఎదురైతే గోడవైపు ఒరిగి దారిచ్చింది, తెలియనివాళ్లకి ఇచ్చినట్టు.

తను ఒప్పుకోలేదని చెప్పడానికి మార్గం లేదు. నలుగురితో అంటే అది వార్డు ఆఫీసుకి చేరుతుంది. ఒప్పుకోలేదన్న మాట ఒక రకం నేరం, ఒప్పుకుందన్న అనుమానం ఇంకో రకం. బాలామణి మళ్లీ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. అప్పుడు కూడా మెట్ల టకటక గోడ అవతలికి వినిపిస్తూనే ఉంటుందని, దొంగచాటుగా సాధన చేస్తోందనుకుంటారని తోచి, పియానో మూత వేసేసింది.

పండగ వచ్చింది. వీధులు ఖాళీ. నీళ్లు చల్లుకునే పిల్లలు లేరు. మొదటి రోజు పొద్దున్నే బాలామణి కుర్చీ తెచ్చి బాల్కనీలో వేసుకుని కూర్చుంది. చేటలో బియ్యం పెట్టుకుని రాళ్లేరింది. రాళ్లు అయిపోయాక చేట పక్కన పెట్టి ఊరికే కూర్చుంది. ఏప్రిల్ ఎండ ఇనుప కటకటాల మీద మండిపోతోంది. తడిగుడ్డ తలమీద వేసుకుంది. అన్నానికి లోపలికెళ్లి, గబగబా తిని, మళ్లీ వచ్చి కూర్చుంది. మధ్యాహ్నం నగరం నడిబొడ్డు నుంచి స్టేజి పాటలు గాలిలో తేలి వచ్చాయి. ఎవరో కీబోర్డు వాయిస్తున్నారు. ఎదురు భవనంలో ఒక కిటికీ తెర తొలగింది, మళ్లీ పడింది. బాలామణి వాళ్లకి స్పష్టంగా కనిపించేలా కుర్చీ ముందుకి జరుపుకుంది.

రెండో రోజూ అంతే. మూడో రోజు ఎండకి కళ్లు తిరిగి కటకటాలు పట్టుకుంది. పక్క బాల్కనీలో బట్టలారేస్తున్న దౌ ఖిన్ మ్యా చేతిలో తడి లుంగీతో ఆగిపోయింది.

"ఎండలో ఎందుకు కూర్చున్నారు?"

"లోపల ఉక్కగా ఉంది."

దౌ ఖిన్ మ్యా లోపలికెళ్లింది. తిరిగొచ్చి, భర్త వాడిన నల్లగొడుగు కటకటాల మీదుగా అందించింది.

"ఆ రోజు వచ్చినవాళ్లు..." అంది.

"మళ్లీ రాలేదు."

స్టేజి పాట ఒకటి అయిపోయి ఇంకోటి మొదలైంది. ఇద్దరూ విన్నారు.

"మా ఇంట్లో మజ్జిగ ఉంది," అంది దౌ ఖిన్ మ్యా. అవతల బాల్కనీలో కుర్చీ వేసుకుని ఆవిడ కూడా కూర్చుంది. నాలుగో రోజు ఇద్దరూ అలాగే కూర్చున్నారు, మధ్యలో కటకటాలు. పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు.

పండగయ్యాక టీ కొట్టు అతను మొహం తిప్పడం మానేశాడు. కూరగాయలమ్మి బుట్టలోవి అమ్మింది. పిల్లని మాన్పించిన తల్లి మాత్రం మళ్లీ పంపలేదు. కొందరు అలాగే ఉండిపోయారు. ఇరవై ఏళ్లుగా ఎరిగిన వీధి అంత తొందరగా తనను అలా అనుకోగలిగిందన్న సంగతి బాలామణి మనసులోంచి పోలేదు.

జూలైలో ఊ తిన్ మౌంగ్ పోయి ఏడాదయింది. దౌ ఖిన్ మ్యా ఇంటికి ఒక భిక్షువును పిలిచి భోజనం పెట్టింది. ఆయన వెళ్లాక ఆవిడ బాలామణి గుమ్మం దగ్గరికొచ్చింది.

"మీ పియానో హ్నే పలుకుతుందా? ఆయనకిష్టం. వాయించేవాళ్లంతా ఊళ్లకి పోయారు."

హ్నే అంటే బర్మావాళ్ల సన్నాయి. మనదానికన్నా పదునుగా, కొంచెం కోపంగా పలుకుతుంది. బాలామణి తన సన్నాయిలో కోసేసిన చురుకుదనం కొంత తిరిగి పెట్టింది, ఊపిరి తగ్గించింది. దౌ ఖిన్ మ్యా వింటూ "ఇంకొంచెం పైకి" అంది, "ఇప్పుడు బాగుంది" అంది. పాట సగంలో కరెంటు పోయింది. పియానో ఆగిపోయింది. లేప్‌టాప్‌లో బ్యాటరీ ఉంది. దాని అక్షరాల మీటలు నొక్కినా సింథ్ పలుకుతుందని బాలామణికి తెలుసు. లేప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, టైపు కొట్టినట్టు రెండు వేళ్లతో వెతుక్కుంటూ మిగతా పాట పూర్తి చేసింది. దాని బుల్లి స్పీకర్‌లో అది దూరంగా, ఏ పక్క వీధిలోనో వాయిస్తున్నట్టు వినిపించింది. దౌ ఖిన్ మ్యా చేతులు జోడించి చివరిదాకా కూర్చుంది. వెళ్లేటప్పుడు మాత్రం, "తలుపు తీసి ఉంచండి ఎప్పుడైనా," అంది.

ఆ చలికాలం మళ్లీ ఒకటీ అరా పెళ్లిళ్లు మొదలయ్యాయి. గుడిలో, ఇరవై ముప్పై మందితో, పగటిపూటే. ప్రమోద ఫోన్ చేసింది. ఆవిడిప్పుడు పాటలు మాని బట్టల వ్యాపారం చేస్తోంది.

"బాలక్కా, సిమిండైంగ్‌లో మా సుట్టాలమ్మాయి బానుప్రియ పెళ్లి. సన్నాయోళ్లు లేరు. నీ పియానో అయిదంతస్తులు దింపి, మళ్లీ ఎక్కించీవోళ్లు ఎవురు? రికార్డు సేసి ఇయ్యరాదా?"

బాలామణి రికార్డు చేసి చిన్న మెమరీ కార్డులో వేసి ఇచ్చింది. ముహూర్తానికి ఒకటి, తలంబ్రాలకి ఒకటి, భోజనాలప్పటికి నెమ్మదైంది ఒకటి. ఆ పెళ్లి నుంచి అది ఇంకో పెళ్లికి, అక్కణ్నుంచి ఒక గృహప్రవేశానికి ఫోన్ల మీదుగా వెళ్లిపోయింది. ఎవరెవరి దగ్గరుందో ఆవిడకి తెలియదు. ఎవరూ చెప్పలేదు కూడా. ఎవరైనా పిలవడానికి అక్కడ వాయించే మనిషి పని లేదు కదా.

ఒక పెళ్లికి మాత్రం పిలుపు వచ్చింది, అమ్మ తరఫు దూరపు బంధువులది. ఆర్కెస్ట్రా రోజుల్లో కట్టే పట్టుచీర తీసి కట్టుకుని బస్సెక్కి వెళ్లింది. స్టేజి పక్కన కాకుండా జనం మధ్య కూర్చోవడం ఆవిడకి కొత్త. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముహూర్తం వేళ ఎవరో ఫోను స్పీకరుకి తగిలించారు. తన సన్నాయి మొదలైంది. మొదటి జారుడు దగ్గర వేలు కాస్త తొందరపడిందని రికార్డు చేసినప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలిసింది. పక్కనున్న పెద్దావిడ అక్షింతలు వేస్తూ, "ఏ ఊరి సన్నాయో గాని బావుందమ్మా, ఇండియాదనుకుంతాను," అంది.

"అవునండి, బాగుంది," అంది బాలామణి.

భోజనాలు పెట్టారు. పులిహోర బాగుందని మళ్లీ అడిగి వేయించుకుంది. వధూవరుల దగ్గర నాలుగు అక్షింతలు వేసి, తాంబూలం తీసుకుని, లమ్మడా బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చింది. వెనక గుళ్లో ఎవరో ఆ పాటే మళ్లీ మొదటి నుంచి పెట్టారు. బస్సు వచ్చేదాకా నిలబడి వింది.